నల్ల పట్టీలు

పర్సుడీహ్,
ఆగస్టు 11

అక్కా,

నువ్వు సెప్పినట్టే పైన ఊరు పేరు రాసాను, తేదీ ఏసాను. ఒక్కో ముక్కా పంపితే నీ హాస్టల్లో ఫోను టింగు టింగుమంటాదని, వార్డెనమ్మ తిడతాదని అన్నావు కదా. అందుకే అంతా ఒక్కపాలే రాసి పంపుతున్నాను. ఆరో క్లాసుతో మానీసినోడిని. తప్పులుంటే నవ్వుకో. ఎవులికీ సూపించకు.

ఒకటి అడగాల. నువ్వు పనిసేసే హోటల్లో వెండి కంచాలు, గ్లాసులు తోముతావు కదా. నల్లగా అయిపోయిన వెండి తెల్లగా అవ్వాలంటే ఏటి సెయ్యాలి? కంచం కాదు. పట్టీలు. కాళ్ళ పట్టీలు. మా కార్ఖానాలో తుప్పు పట్టిన బోల్టులు తేజాబు తొట్టిలో, అదే యాసిడ్లో, ముంచుతాం. నాదే ఆ పని. జాలీ బుట్టలో ఏసి ముంచి, వంద లెక్కెట్టి తీత్తే తళతళా మెరుత్తాయి. పట్టీలు కూడా అలగే ముంచీమంటావా? మేస్త్రీ సూడకుండా ఒక్క నిమసం పని.

ఎవులివని అడక్కు.

మురళి

విశాఖపట్నం,
ఆగస్టు 13

ఒరే తమ్ముడూ,

అడక్కు అంటే అడక్కుండా ఊరుకుంటానా? ఏ పిల్లవిరా ఆ పట్టీలు? కుళాయికాడికి వచ్చే బిందుప్రియవేనా? ఆడపిల్ల ఎదురైతే గోడకేసి తిరిగిపోయేవాడివి, పట్టీలు తోమిచ్చేదాకా వచ్చావా! ఓలమ్మ, మా మురళికి మీసమొచ్చింది.

తేజాబు మాట ఎత్తావంటే అక్కడికొచ్చి చెవి మెలేస్తాను. వెండంటే బోల్టనుకున్నావేటి? టాటానగర్ లాంటి ఇనుప ఊళ్ళో పుట్టినోళ్ళకి లోకమంతా ఇనుమే. ఆ పిల్ల పట్టీలూ పోతాయి, నీ వేళ్ళూ పోతాయి.

ఇంట్లో వస్తువులు చాలు. రొట్టెలు చుట్టే రేకు కాయితం గిన్నె అడుగున పరు, మెరిసే వైపు పైకి. దాని మీద పట్టీలు పెట్టు, రేకుకి తగలాలి. ఒక చెంచా వంటసోడా, ఒక చెంచా ఉప్పు. మరుగుతున్న నీళ్ళు పొయ్యి. కుళ్ళిన గుడ్డు వాసన వస్తాది, భయపడకు. నలుపు వెండిని వదిలేసి రేకుకి ఎక్కుతాది. ఐదు నిమిషాలయ్యాక తీసి కుంకుడుకాయ రసంలో ముంచి, మెత్తబడిపోయిన పాత బ్రష్షుతో రుద్దు. పళ్ళపొడి వద్దు, గీతలు పడతాయి. పాత నూలుగుడ్డతో తడి లేకుండా తుడువు. తడుంటే మళ్ళీ నలుపెక్కుతాది.

అమ్మెలాగుంది? ఫోన్లో నవ్వుతూనే మాట్లాడతాది, ఏమీ తెలీదు. అయ్య ఎలాగున్నాడో నువ్వు రాయి.

త్రివేణి

పర్సుడీహ్,
ఆగస్టు 24

అక్కా,

రేకు కాయితం జుగ్సలాయి బజారుకి ఎల్లి తెచ్చాను. కుంకుడుకాయలు వెనకింటి ధనమ్మత్త ఇచ్చింది. బ్రష్షు నాదే.

ఒక అనుమానం. పట్టీలకి మువ్వలున్నాయి. లోన నల్లగా మురికి గట్టిగా పట్టీసింది. ఊపితే మోగట్లేదు. అదెలగ తియ్యాల?

అయ్య సంగతి అడిగావు. మామూలే. కూర సల్లగుందని మొన్న పీట ఇసిరినాడు. గోడకి తగిలింది. మర్నాడు అమ్మ సెవి కింద వాచింది. తలుపు తగిలిందంది. పీట ఇసిరినప్పుడు నాను లోపలే ఉన్నాను. గోడకే తగిలింది. మరి సెవి ఎప్పుడు వాచిందో నాకు తెలీదు.

ఆ పిల్ల పేరు మళ్ళీ రాయకు. సిగ్గేత్తంది.

మురళి

విశాఖపట్నం,
ఆగస్టు 25

తమ్ముడూ,

మువ్వల్లో మురికి అందరికీ ఉంటాది. దుమ్ము, సబ్బు, నూనె కలిసి గడ్డ కట్టేస్తాది. మరిగే నీళ్ళకి మెత్తబడతాది, అప్పుడు సూదితో ఒక్కో మువ్వా గీకు. తొందరపడకు. లోపల గుండు కదలాలి. మోగని మువ్వ ఏటికిరా? ఆ పిల్ల నడిస్తే వీధి చివర నీకు వినబడాలి!

ఒక మాట, ఇది నవ్వులాట కాదు. అయ్య వచ్చే వేళకి అమ్మ ఇంట్లో లేదనుకో, ఎక్కడికెళ్ళిందని వెతక్కు. ఎవరడిగినా తెలీదను. నిజంగానే తెలీకుండా ఉండు.

త్రివేణి

పర్సుడీహ్,
సెప్టెంబరు 2

అక్కా,

పట్టీలు అమ్మవి.

నువ్వు పిల్ల అనుకున్నావు, నాను కాదనలేదు. సెప్తే నువ్వు ఫోన్లో అమ్మకి సెప్పీత్తావు కదా. సప్పుడు లేకుండా సేసి కాళ్ళకి ఎట్టాలనుకున్నాను. కుళాయికాడ ఆడోళ్ళు రోజూ అడుగుతారు, "ఏటి నూకాలూ, నీ పట్టీలు వెండివా, కంపినీ స్క్రాపా?" అని. అమ్మ కూడా వాళ్ళతో నవ్వీసి బిందె ఎత్తుకుంటాది. నాకు నోట్లోంచి మాట రాదు. సేతుల్తో ఏదేనా సేద్దామనుకున్నాను.

మొన్న ఆదివారం అమ్మ తలంటు పోసుకోడానికి పట్టీలు ఇప్పి గూట్లో ఎట్టింది. అయ్యకి ఆదివారం కూడా డ్యూటీ, ఆరింటికి గానీ రాడు. నువ్వు సెప్పినట్టే అన్నీ సేసాను. గుడ్డు వాసన వచ్చింది. రేకు నల్లబడిపోయింది. మువ్వల్లోంచి బూడిద రంగు తెట్టు పైకి తేలింది, కొవ్వొత్తి ఆర్పినప్పటి వాసన. సూదితో గీకీసాను. కాలికి తొమ్మిది, మొత్తం పద్దెనిమిది. ఒక్కటీ వదల్లేదు.

అమ్మ కాళ్ళకి నానే ఎట్టాను. లేచి ఒక అడుగేసింది. గల్లుమంది. అమ్మ మొకం పాలిపోయింది. నాను సంతోసం అనుకున్నాను అక్కా. "బాగున్నాయిరా బాబూ" అంది. అంటూనే కింద కూకుని రెండు సేతులతో మువ్వలు పట్టీసుకుంది. "కలిపిన పిండేదైనా ఉందేటిరా?" అంది. ఆకలేత్తందనుకున్నాను. రొట్టి సెయ్యమంటావా అని అడిగాను.

అప్పుడే అయ్య వచ్చీసినాడు. ఐదు కూడా అవలేదు. తాగున్నాడు. అమ్మ వెనక తలుపు కాసి నడిసింది. రెండడుగులే. గల్, గల్. అయ్య గుమ్మంలో ఆగిపోయినాడు. కుక్క ఇన్నట్టు తల పక్కకి వంచి ఇన్నాడు. "ఓహో" అన్నాడు. "ఇన్నాళ్ళకి నోరొచ్చిందే."

జుట్టు పట్టి ఈడ్చుకొచ్చినాడు. నాను అడ్డమెల్తే కడుపులో మోకాలితో కొట్టినాడు. ఊపిరి రాలేదు. పడిపోయాను. పడుకునే సూసాను. సన్నికల్లు మీది పొత్రం తీసినాడు. అమ్మ కుడికాలు గడప మీద ఎట్టి, పిక్క మీద మోకాలేసి తొక్కి, "ఏదీ, మోగించుకుంటా పారిపో" అని కొట్టినాడు. మొదటి దెబ్బకి అమ్మ అరిసింది. రెండో దెబ్బకి మువ్వలు మోగాయి. మూడో దెబ్బకి ఏదీ మోగలేదు. అప్పుడు పొత్రం కడిగి మళ్ళీ సన్నికల్లు మీద ఎట్టీసినాడు. తినీసిన కంచం ఎట్టినట్టు ఎట్టినాడు.

ఆసుపత్రిలో మెట్టు మీంచి పడ్డాదని రాయించినాడు. మడమ కాడ మూడు ఎముకలు ఇరిగాయట. డాక్టరుబాబు నన్ను అడిగినాడు, "క్యా హువా థా, బేటా?" అని. ఏటైంది బాబూ అని. అయ్య సెయ్యి నా మెడ మీద ఉంది.

నాను తోమకపోయుంటే అమ్మ వెనక తలుపు దాటీసేది. అంతే కదా అక్కా?

మురళి

విశాఖపట్నం,
సెప్టెంబరు 3

తమ్ముడూ,

నాలుగుసార్లు చదివాను. ఐదోసారి చదవలేను.

అది మురికి కాదురా. మైనం. నేనే పోసాను.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. అయ్య వీధి మొగలో కేకలేస్తే చాలు, అమ్మ వెనక తలుపు దాటి ధనమ్మత్త కట్టెల పాకలో దాక్కునేది. ప్రతిసారీ మువ్వలే పట్టించేవి. పట్టీలు తీసేద్దామంటే ఆయన ఒప్పుకోడు. "మొగుడు బతికుండగా బోసికాళ్ళేటి? నీ కాళ్ళు బోసిగా కనబడ్డాయంటే నేను చచ్చినట్టు. అలాగైతే ముందు నువ్వే చస్తావు" అన్నాడు. కాళ్ళకి ఉండాలి, మోగకూడదు. మొన్న అమ్మ పిండి అడిగింది కూడా అందుకే. ఒకరోజు కరెంటు పోయి కొవ్వొత్తి వెలిగించాం. మైనం నా వేలి మీద పడి గడ్డ కట్టింది. అప్పుడు తట్టింది. దీపం మసి కలిపి పోసాం, చూసినోళ్ళు మురికనుకోవాలని. పట్టీ తెల్లగా ఉంటే మువ్వలో నలుపు కనబడిపోతాది. అందుకే అమ్మ మళ్ళీ ఎప్పుడూ వాటిని తోమలేదు. కుళాయికాడ నవ్వులు పడింది. ఆ నలుపు వల్లే పదమూడేళ్ళు బతికింది.

నీకెందుకు చెప్పలేదో కూడా రాసేస్తాను. నీకు నాలుగేళ్ళప్పుడు అయ్య బిస్కట్ల పొట్లం చూపించి "అమ్మేదిరా?" అని అడిగాడు. నువ్వు కట్టెల పాక చూపించావు. ఆ రోజు అమ్మకి రెండు పళ్ళు పోయాయి. నీ తప్పు కాదు. నాలుగేళ్ళ గుంటడివి. కానీ వీడి మొహంలో అబద్ధం నిలవదని అమ్మ నాచేత ఒట్టేయించింది, వీడికి ఏదీ తెలియనివ్వొద్దని. నేను ఒట్టు నిలబెట్టుకున్నాను. సూదితో గీకమని నీకు రాసిందీ నేనే. "ఎవరివిరా" అని గట్టిగా ఒక్కసారి అడిగుంటే సరిపోయేది. వేళాకోళంలో పడిపోయాను.

నువ్వు నా దగ్గర దాచావు, నేను నీ దగ్గర దాచాను. మధ్యలో అమ్మ కాలు పోయింది.

త్రివేణి

పర్సుడీహ్,
సెప్టెంబరు 12

అక్కా,

బిస్కట్ల పొట్లం నాకు గురుతుంది. ఎర్రది. అమ్మ అరిసినట్టు గురుతు లేదు. బిస్కట్ల తీపి గురుతుంది. అన్నీ తినీసాను.

అమ్మని ఇంటికి తెచ్చీసాం. కుడికాలికి పిండికట్టు. ఎడంకాలికి అయ్య పట్టీ ఎట్టినాడు. స్క్రూని పట్టకారుతో నొక్కీసినాడు, ఇంక ఊడదు. "కుంటుకుంటా ఎల్లినా నాకు ఇనబడాల" అన్నాడు. అమ్మ మంచం మీద పక్కకి తిరిగితే మోగుతాది. మోగినప్పుడల్లా అవతల గదిలోంచి నవ్వుతాడు. నిన్న నవ్వలేదు. వచ్చి కట్టు మీద కాలెట్టి నిలబడ్డాడు, ఊరికే. అమ్మ దుప్పటి నోట్లో కుక్కుకుంది.

కుడికాలి పట్టీ ఆసుపత్రోళ్ళు కవర్లో ఏసి నాకిచ్చారు. సందుల్లో రగతం ఎండిపోయింది. సల్లనీళ్ళతో కడిగాను. ఒక మువ్వ నలిగిపోయింది. ఎనిమిది మోగుతాయి.

కార్ఖానా నుంచి ఒక సీసా తెచ్చాను. తేజాబుది. గూట్లో పట్టీ పక్కన ఎట్టాను. బోల్టుకైతే వంద లెక్కెడతాం. మనిసికి అంతసేపు అక్కర్లేదు. మొన్న మజ్జాన్నం అయ్య నిద్దరోతుంటే మూత తీసి పక్కన నిలబడ్డాను. పొగ వచ్చింది. నిద్దట్లోనే ముక్కు గీరుకున్నాడు. మూత ఎట్టీసాను. సేతులు వణకలేదు అక్కా. అదే నాకు బయమేసింది.

మురళి

విశాఖపట్నం,
సెప్టెంబరు 12

మురళీ,

ఆ సీసా తీసుకెళ్ళి మళ్ళీ తొట్టిలో ఒంపేయ్. రేపు పొద్దున్న డ్యూటీకెళ్ళగానే.

ఆయన మీద జాలితో చెప్పట్లేదు. ఆయన చచ్చిపోయాడని కబురొస్తే ఆ రోజు హోటల్లో కంచాలన్నీ పాడుకుంటూ తోముతాను. కానీ మనది రెండు గదుల ఇల్లు. ఆయన చెయ్యి ఒక్కసారి విసిరితే సగం అమ్మ మీద పడతాది, లేవలేనిది అమ్మే. నువ్వు జైలుకెళ్తే అమ్మకి మంచినీళ్ళిచ్చేది ఎవరు? ఇంకోటి. పక్కన నిలబడి చేతులు వణక్కుండా చూసేది ఆయన. నువ్వు కూడానా?

పోసావో లేదో రాయి. ఒక్క ముక్క చాలు.

త్రివేణి

పర్సుడీహ్,
సెప్టెంబరు 14

అక్కా,

పోసీసాను.

మురళి

విశాఖపట్నం,
అక్టోబరు 8

తమ్ముడూ,

జాగ్రత్తగా చదివి చెరిపెయ్. అయ్యకి ఫోను చూడ్డం రాదనుకోకు.

నాకు సెలవు దొరికింది. వచ్చే శనివారం పొద్దున్న టాటానగర్లో దిగుతాను. ఇంటికి రాను, నన్ను చూస్తే ఆయన మనిషి కాడు. ధనమ్మత్తతో మాట్లాడాను. ముందు భయపడింది, తర్వాత ఏడ్చింది, తర్వాత "నా తలుపు తీసే ఉంచుతానే" అంది. నాలుగున్నరకి ఆటోతో ఆవిడ పెరటి వైపు సందు చివర ఉంటాను. అయ్య ఆరింటి వరకూ డ్యూటీలో ఉంటాడు. నువ్వూ అత్తా అమ్మని మోసుకుని పాక మీదుగా తెచ్చేయండి. సాయంత్రం రైలుకి ముగ్గురం విశాఖపట్నం వచ్చేద్దాం.

పోలీసు థానాకి వెళ్దామంటావేమో. పంతొమ్మిదేళ్ళప్పుడు నేను వెళ్ళాను, ఆయన నా చెయ్యి విరిచినప్పుడు. చూసినవాళ్ళు ఎవరని అడిగారు. నాలుగు గోడల మధ్య జరిగినదాన్ని ఎవరు చూస్తారు? అమ్మ కూడా నేను పడిపోయానని చెప్పింది. ఆ వారమే నేను రైలెక్కేసాను.

అమ్మ కాలి పట్టీ తియ్యాలని చూడకు, పట్టకారుతో కోస్తే కాలు తెగుతాది. శనివారం ఆయన డ్యూటీకి వెళ్ళాక మువ్వల్లో మైనం పొయ్యి. మసి కలుపు. అమ్మ చెప్తుంది ఎలాగో.

త్రివేణి

పర్సుడీహ్, ధనమ్మత్త ఇల్లు,
అక్టోబరు 27

అక్కా,

ఎడంసేత్తో రాత్తన్నాను. ఇది రాయడానికి రెండు రోజులు పట్టింది.

నువ్వు ఆటోలో ఉన్నావు. నీకు మువ్వలు ఇనబడ్డాయి, తరవాత కేకలు ఇనబడ్డాయి. మిగతాది నీకు తెలీదు. ఫోన్లో అడిగావు, నాను ఫోను అత్తకి ఇచ్చీసాను. ఇప్పుడు సెప్తాను.

ఆ రోజు మజ్జాన్నం అమ్మ కాలి పట్టీకి మైనం పోసాను. ఒక్కో మువ్వ మీదా కొవ్వొత్తి వంచితే అమ్మ వేలితో అదిమింది. కాలినా తియ్యలేదు. "నీ అక్క సెయ్యి కంటే నీ సెయ్యి కుదురురా" అంది. తొమ్మిదీ మూగబోయాయి. నాలుగు దాటాక ధనమ్మత్త వచ్చింది. ఇద్దరం అమ్మని లేపి వెనక గుమ్మం దాకా తెచ్చాం.

వీధి తలుపు కొట్టుకున్న సప్పుడు. అయ్య. వానకి పని ఆపీసారట, తాగి వచ్చీసినాడు. "నూకాలూ!" అన్నాడు.

అత్త ఒక్కర్తే అమ్మని మొయ్యాల. పాక దాటడానికి ఐదు నిమసాలైనా పడతాది. నాను వంటగదిలో గూటి ముందున్నాను. గూట్లో పట్టీ ఉంది. పక్కన సీసా ఉంది.

పోసీసానని అబద్దం రాసాను అక్కా. పొయ్యలేదు. నెల రోజులు అక్కడే ఉంది. రోజూ సూసుకునేవాణ్ణి.

సెయ్యి ముందు సీసా మీదికే ఎల్లింది. మూత తిప్పాను. వెనకనుంచి అమ్మ పిలవలేదు, అరవలేదు. తలతిప్పి సూసింది. నన్ను సూసి బయపడింది. అయ్య వచ్చినప్పుడు ఎలగ బయపడతాదో అలగే. అదే మొకం.

మూత బిగించీసాను. పట్టీ తీసుకున్నాను.

పక్క కిటికీలోంచి సందులోకి దూకి నా కాలికి కట్టుకున్నాను. కాలు నేలకేసి కొట్టాను. గల్లుమంది. లోపల అయ్య ఆగిపోయినాడు. మళ్ళీ కొట్టాను. "ఎక్కడికే!" అని అరిసినాడు. తలుపు వెనకున్న ఇనప రాడ్డు తీసిన సప్పుడు ఇనబడింది. అప్పుడు బజారు కాసి నడిసాను. పరిగెడితే అమ్మ నడక అవదు కదా. కుంటుతా నడిసాను. ఒక అడుగు బరువుగా, ఒక అడుగు తేలిగ్గా. సందు మలుపులు తిరుగుతా పోయాను. ఆయనకి నాను కనబడలేదు, మువ్వలే ఇనబడ్డాయి. వెనకాల తిట్లు. "ఈపాలి రెండో కాలు కూడా నలిపేత్తాను! ఎల్లు, ఎల్లు!" రాడ్డు గోడలకి తగిలి టంగుమంటంది. నాకు బయమేసింది. బయమేసినప్పుడల్లా కాలు గట్టిగా కొట్టాను.

శనివారం సంత. కూరగాయలోళ్ళు, సేపలోళ్ళు, కుళాయికాడి ఆడోళ్ళు అందరూ ఉన్నారు. నడిమధ్యకెల్లి ఆగాను. అయ్య మలుపు తిరిగినాడు. నా కాలికున్న పట్టీ సూసినాడు. ఒక్క సణం ఏటో అర్దం కాలేదు ఆయనకి. తరవాత అర్దమైంది.

మొదటి దెబ్బకి మోసెయ్యి అడ్డెట్టాను. పచ్చి కర్ర ఇరిసినట్టు సప్పుడయింది. నొప్పి తరవాత వచ్చింది. రెండోది వీపు మీద. మోకాళ్ళ మీద పడ్డాను. మూడోది తలకే ఎత్తినాడు. అప్పుడు అరిసాను అక్కా. పదహారేళ్ళలో అంత గట్టిగా అరవలేదు. "మేరీ మా కా పైర్ భీ ఇసీ నే తోడా! దేఖో! సబ్ దేఖో!" మా అమ్మ కాలు ఇరిసింది కూడా ఈయనే, అందరూ సూడండి అని. సంత మొత్తం నిలబడిపోయింది. కుళాయికాడి ఆడోళ్ళు నా కాలు కాసి సూసారు. పట్టీ గురుతుపట్టారు. "అరె, నూకాలు పట్టీ కదే" అంది ఒకామి.

తరవాత ఏటైందో వరస గురుతు లేదు. సేపలోడు రాడ్డు లాక్కున్నాడు. తూకం రాయితో ఎవులో మొకం మీద కొట్టారు. అయ్య పడ్డాడు. సెప్పులు, కాళ్ళు, గంపలు. కుళాయికాడి ఆడోళ్ళే ముందున్నారు. పళ్ళు రాలాయి, రెండో మూడో. నా ముందుకే దొర్లాయి. నాకు సంతోసం రాలేదు. ఆపండని కూడా అనలేదు. థానావోళ్ళు వచ్చి ఈడ్చుకెల్లేసరికి ఒక కన్ను మూసుకుపోయింది. రెండో కంటితో నా కాలు కాసే సూత్తన్నాడు.

ఎవులు సూసారని దరోగా, అదే ఎస్సైబాబు, అడిగినాడు. సంతంతా సెయ్యెత్తింది. నన్నడిగినాడు. నాను మొత్తం సెప్పాను. పీట, పొత్రం, కట్టు మీద కాలు. మాట తడబడింది గానీ ఆగలేదు. పట్టీ సాక్ష్యమని తీసేసుకున్నారు.

మర్నాడు ధనమ్మత్త తోడొత్తే సీసా తీసుకెల్లాను. కార్ఖానా తొట్టిలో ఒంపీసాను. ఇది నిజం. అత్తనడుగు.

మీరిద్దరూ రైలెక్కి ఎల్లిపోయారు, నన్ను కోరుట్లో సాక్ష్యం సెప్పేదాకా ఇక్కడే ఉండమన్నారు. అమ్మకి సెప్పు, సెయ్యి నొప్పి లేదని. నీకు సెప్తన్నాను, ఉంది.

మురళి

విశాఖపట్నం,
డిసెంబరు 6

తమ్ముడూ,

అమ్మ కట్టు నిన్న విప్పారు. కాలు కొంచెం వంకరగానే ఉండిపోతాదట. కర్ర పట్టుకుని నడుస్తాది. మన ఉత్తరాలు చదివి వినిపించమంది. సీసా దగ్గర ఆగిపోయాను. "చదువే, నేను చూసిందే కదా" అంది. అంతా వింది. తర్వాత "ఆ రోజు నేను వాణ్ణి చూసి భయపడ్డానని వాడికి తెలిసిపోయిందేటే?" అంది. తెలిసిందన్నాను. "తెలిసినందుకే ఆగాడు" అంది.

కట్టు విప్పిన డాక్టరమ్మే ఎడంకాలి పట్టీ స్క్రూ నూనె పోసి తిప్పి తీసింది. అమ్మ బోసికాళ్ళతో ఇంటికొచ్చింది. ఇద్దరం ఇప్పుడు హోటలు వెనకాల ఒక గదిలో ఉంటున్నాం. పొద్దున్న లేచేసరికి గిన్నెలో నీళ్ళు మరుగుతున్నాయి. అడుగున రేకు కాయితం. నేను నేర్పలేదు, మన ఉత్తరాల్లో విన్నదే. నీ మైనం పైకి తేలింది. సూది తనే పట్టుకుంది. పెట్టుకోకపోతే ఎవరూ ఏమనరమ్మా అన్నాను. "అందుకే పెట్టుకుంటాను" అంది.

ఒక్క పట్టీయే. వంకర కాలికి పెట్టుకుంది. ఈ గది చివర్నుంచి ఆ చివరికి నడిచింది. నేను తలుపు వైపు చూసాను. అమ్మ కూడా చూసింది. ఇద్దరం అలా చూస్తూ నిలబడ్డాం.

ఎవరూ రాలేదు.

త్రివేణి

పర్సుడీహ్,
డిసెంబరు 6

అక్కా,

ఒకపాలి ఫోను సెయ్. నాను ఏటీ మాటాడను. నువ్వూ మాటాడకు.

ఫోను అమ్మ కాలికాడ ఎట్టి, నడవమను.

మురళి